ట్యాంకు పేరు ‘యుద్ధ సహచరి’

1943 తొలి నెలల్లో సైబీరియాలోని తోమ్స్క్ నగరం నుంచి మాస్కోకి, నేరుగా స్టాలిన్ పేరు మీద, ఒక విన్నపం వెళ్ళింది. పంపినావిడ పేరు మరియా ఒక్త్యాబ్ర్‌స్కయా. సైన్యంలో ఉన్న భర్త యుద్ధంలో చనిపోయాడు. ఆవిడ అడిగినవి మూడు. నా దగ్గరున్న 50,000 రూబుళ్లు ప్రభుత్వ బ్యాంకులో కట్టాను, దాంతో ఒక ట్యాంకు తయారు చేయించండి. దానికి నేను చెప్పిన పేరు పెట్టండి. ఆ ట్యాంకు నడపడానికి నన్నే యుద్ధానికి పంపండి. నాకు బండి నడపడం వచ్చు, మెషిన్ గన్ వాడటం వచ్చు, తుపాకీ గురి బాగా కుదురుతుంది అని కూడా అందులో రాసింది.

అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏడేళ్ళు.

ఈ కథ ఇంటర్నెట్‌లో చాలాచోట్ల మూడు ముక్కల్లో కనిపిస్తుంది. భర్త పోయాడు, ఇల్లు వాకిలి అమ్మి ట్యాంకు కొంది, పగ తీర్చుకుంది. అచ్చం సినిమా కథే. నాకు మాత్రం ఆ విన్నపంలోని ఆఖరి మాటల దగ్గరే మనసు ఆగిపోయింది. ఒక ఆఫీసరు భార్య, భర్తకి బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ కొత్తగా సంసారం సర్దుకునే మనిషి, మెషిన్ గన్ ఎప్పుడు నేర్చుకుంది? ఎందుకు నేర్చుకుంది? ఆ సంగతి చెప్పకుండా ట్యాంకు సంగతి చెబితే కథ సగమే అవుతుంది.

మరియా 1905లో క్రిమియాలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టింది. పదిమంది పిల్లల్లో ఒకతె. పెద్దయ్యాక ఆహార పదార్థాలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసింది, తర్వాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా కుదిరింది. 1925లో ఇల్యా అనే సైనిక విద్యార్థిని పెళ్ళి చేసుకుంది. పెళ్ళయ్యాక ఇద్దరూ పాత ఇంటిపేర్లు వదిలేసి, అక్టోబరు విప్లవం పేరు మీద ‘ఒక్త్యాబ్ర్‌స్కీ’ అని కొత్త ఇంటిపేరు పెట్టుకున్నారు. రష్యన్‌లో అదే ఇంటిపేరు ఆడవాళ్ళకి ‘ఒక్త్యాబ్ర్‌స్కయా’ అవుతుంది. పెళ్ళైతే అమ్మాయి ఇంటిపేరు మారడం మనకి తెలిసిందే. అబ్బాయి పేరు కూడా మారడం, అదీ ఇద్దరూ కలిసి ఎంచుకున్న పేరుకి మారడం నాకు భలే నచ్చింది.

ఆ తర్వాత పదహారేళ్ళు మిలిటరీ కాపురం. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనో విశాఖ నేవీ క్వార్టర్స్‌లోనో కాపురం చేసినవాళ్ళకి ఆ జీవితం తెలుస్తుంది. ట్రంకు పెట్టెలు పూర్తిగా విప్పకముందే మళ్ళీ బదిలీ. భర్తల హోదాల ప్రకారం భార్యల కూర్చీలు. వాటితో పాటే భార్యల సంఘాలు, వాళ్ళ కార్యక్రమాలు. సోవియట్ సైన్యంలోనూ 1930లలో ఆఫీసర్ల భార్యల మండళ్ళు బాగా నడిచాయి. బ్యారక్‌లు శుభ్రంగా ఉన్నాయా, మెస్‌లో తిండి సరిగా ఉందా చూడటం, కిటికీలకి తెరలు కుట్టడం, చదువు రాని జవాన్లకి అక్షరాలు నేర్పడం, ఇలాంటి పనులు చేసేవారు. జీతం లేని పనులే అన్నీ. యుద్ధం రావచ్చన్న భయం పెరిగిన కొద్దీ ఈ మండళ్ళ ద్వారానే ఆడవాళ్ళకి నర్సు పని, తుపాకీ కాల్చడం, బండి నడపడం నేర్పించారు. మరియా ఇవన్నీ నేర్చుకుంది. చాలామంది ఒకటో రెండో నేర్చుకుని ఊరుకునేవారేమో, ఈవిడ ఏదీ వదిలిపెట్టలేదు.

బయటి నుంచి చూస్తే అదంతా కాలక్షేపమే. “మీ ఆవిడ ఏం చేస్తారు?” అని అప్పుడు ఎవరైనా ఇల్యాని అడిగి ఉంటే, “ఇంట్లోనే ఉంటుంది” అనే చెప్పి ఉండేవాడేమో! మన ఇళ్ళల్లో చెప్పినట్టే.

1941 జూన్‌లో జర్మనీ దాడి చేసేనాటికి వాళ్ళు కిషినేవ్‌లో ఉన్నారు. ఇప్పుడు అది మొల్దోవా రాజధాని. సరిహద్దుకి దగ్గర. సైనికుల కుటుంబాలని హడావిడిగా వెనక్కి తరలించారు. మరియా తన అక్కచెల్లెళ్ళలో ఒకరితో కలిసి వేల కిలోమీటర్ల దూరంలోని తోమ్స్క్ చేరింది. అక్కడ మళ్ళీ పాత పనే, టెలిఫోన్ ఆపరేటరు. ఆ ఆగస్టులోనే ఇల్యా కీవ్ దగ్గర జరిగిన పోరులో చనిపోయాడు. వార్త మాత్రం వెంటనే చేరలేదు. ఆ దేశం అప్పుడున్న పరిస్థితిలో లక్షల ఇళ్ళకి అలాగే చేరలేదు. రోజంతా ఇతరుల కబుర్లు ఒకరి నుంచి ఒకరికి కలిపే పనిలో ఉన్న మనిషికి, తన ఇంటి కబురు అందలేదు.

తెలిశాక ఆవిడ చేసిన మొదటి పని సైన్యంలో చేర్చుకోమని అడగడం. కాదన్నారు. వయసు ఒక కారణం. ఆరోగ్యం ఇంకో కారణం, ఆవిడకి అంతకుముందు మెడ వెన్నుపూసలకి క్షయ సోకింది. ఎర్ర సైన్యం ఆడవాళ్ళని తీసుకోలేదని కాదు. ఆ యుద్ధంలో ఎనిమిది లక్షల మంది దాకా స్త్రీలు పనిచేశారని లెక్క. నర్సులు, డాక్టర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, విమానాల మీద కాల్చే తుపాకుల దగ్గర పనిచేసేవాళ్ళు, స్నైపర్లు, పైలట్లు. కానీ వాళ్ళలో ఎక్కువమంది ఇరవై ఏళ్ళ పిల్లలు. ముప్ఫై ఆరేళ్ళు దాటి, మెడ సరిగా లేని వితంతువుకి ఆ వరసలో చోటు దొరకలేదు.

అప్పుడు ఆవిడ ఇంకో దారి చూసింది. ఇక్కడే ఆవిడ తెలివి నాకు కనిపిస్తుంది.

ఆ రోజుల్లో ప్రజలు చందాలు వేసి ట్యాంకులు, విమానాలు కొనివ్వడం ఒక ఉద్యమంలా నడుస్తోంది. 1942 డిసెంబరులో సరాతోవ్ ప్రాంతంలో ఫెరాపొంత్ గొలొవాతీ అనే తేనెటీగల పెంపకందారు ఒక యుద్ధవిమానం కోసం లక్ష రూబుళ్లు ఇచ్చాడు. అలాంటివాళ్ళ టెలిగ్రాములు, వాటికి స్టాలిన్ కృతజ్ఞతలు పత్రికల్లో అచ్చయ్యేవి. ప్రభుత్వానికి డబ్బూ కావాలి, ఆ ప్రచారమూ కావాలి. మరియా ఉన్న సామానంతా అమ్మేసింది. చాలకపోతే ఎంబ్రాయిడరీ చేసి అమ్మింది. మొత్తం 50,000 రూబుళ్లు పోగుచేసింది. నిజానికి అప్పుడు ఒక టీ-34 ట్యాంకు తయారీకి లక్ష రూబుళ్లకు పైమాటే, అంటే ఆవిడ డబ్బుతో పూర్తి ట్యాంకు రాదు. ఆ సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అందరూ డబ్బిచ్చి పేరు పెట్టమన్నారు. ఈవిడ డబ్బిచ్చి, పేరు చెప్పి, డ్రైవర్ని నేనే అంది. సొమ్ము తీసుకుని మనిషిని వద్దనడం, అదీ దేశమంతా చూస్తుండగా, ఏ ప్రభుత్వానికైనా ఇబ్బందే. రిక్రూట్‌మెంట్ ఆఫీసులో మూసేసిన తలుపుని ఆవిడ పోపుల డబ్బా సొమ్ముతో తెరిపించింది.

స్టాలిన్ సరేనన్నాడు. దాన్ని ఆయన మంచితనం కింద రాసిన వ్యాసాలు చూశాను. నేను అలా రాయలేను. ఆ పాలనలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళంతా జర్మన్ల వల్లే పోగొట్టుకోలేదు కదా. ఒక వితంతువు తన చీరా సారె అమ్మి ట్యాంకు కొనిచ్చిందంటే అది పత్రికలకి మంచి వార్త, అంతే. కానీ ఆ అవసరాన్ని వాడుకున్నది ఒక్క ప్రభుత్వమే కాదు, ఈవిడ కూడా వాడుకుంది.

ఇక ఆ పేరు. రష్యన్‌లో ‘బయెవాయ పద్రూగ’. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘పోరాడే గర్ల్‌ఫ్రెండ్’ అనే అర్థం వచ్చేలా తర్జుమా చేశారు, ఇంటర్నెట్ అంతా అదే పేరు పాకింది. చదవగానే ఏదో చిలిపిగా పెట్టిన పేరనిపిస్తుంది. అసలు ఆ మాట చిలిపిది కాదు. ‘పద్రూగ’ అంటే స్నేహితురాలు, తోడుగా నడిచేది. ఆ రెండు మాటలూ కలిపి సైన్యంలో ఆఫీసర్ల భార్యల గురించి గౌరవంగా వాడేవారు, ఊరూరా వెంట తిరిగి కష్టసుఖాలు పంచుకునే భార్యల గురించి. మనకి ‘సహచరి’ అనే చక్కటి మాట ఉంది. ‘యుద్ధ సహచరి’ అంటే సరిపోతుంది. ఆవిడ ట్యాంకుకి భర్త పేరు పెట్టలేదు, స్టాలిన్ పేరూ పెట్టలేదు. పదహారేళ్ళుగా తను ఏమిటో ఆ పేరే పెట్టింది.

ఆవిణ్ణి ఓమ్స్క్ ట్యాంకు స్కూల్లో వేశారు. దాదాపు ఐదు నెలల శిక్షణ. అవసరం ముంచుకొచ్చిన ఆ రోజుల్లో చాలామంది ట్యాంకు సిబ్బందికి అంత సమయం కూడా దొరకలేదు. 1943 శరదృతువులో 26వ గార్డ్స్ ట్యాంకు బ్రిగేడ్‌లో చేరింది. అక్కడి మగవాళ్ళు మొదట ఇది పత్రికల కోసం ఆడే నాటకం అనుకున్నారు. నేనక్కడ ఉన్నా అలాగే అనుకునేదాన్నేమో.

టీ-34 డ్రైవరు సీటు గురించి కొంచెం చెప్పాలి. ముందు భాగంలో ఎడమవైపు, ఇనుప గోడల మధ్య ఇరుక్కుని కూర్చోవాలి. ఎదురుగా చిన్న మూత, అది మూసేస్తే బయట ఉన్నదంతా చిన్న కంతలోంచి చూడాల్సిందే. గేరు మార్చడానికి మగవాళ్ళకే భుజాలు పట్టేసేవట. వెనక ఇంజను రొద, డీజిలు వాసన, పైన ఫిరంగి పేలినప్పుడల్లా పొగ. మెడకి జబ్బు చేసిన మనిషి అందులో కూర్చుంది. పైగా సోవియట్ సైన్యంలో ఆ పనికి పేరే ‘మెకానిక్ డ్రైవర్’. నడిపేవాళ్ళే బాగుచేసుకోవాలి కూడా. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా ఉంటుంది చూడండి, అది ఒక్కచోట తెగితే ట్యాంకు కదలలేదు. కదలని ట్యాంకంటే శత్రువుకి నిలబెట్టిన గురి. పట్టా కలపాలంటే బయటకి దిగి, బరువైన ఇనుప లింకులు లాగి, పిన్నులు కొట్టి బిగించాలి. తుపాకులు మోగుతుంటే ఆ పని చేయాలి.

1943 అక్టోబరు 21న మొదటి యుద్ధం. మెషిన్ గన్ స్థావరాల మీదికి, ఫిరంగుల మీదికి ట్యాంకు నడిపింది. దెబ్బతిని పట్టా ఆగిపోతే, ట్యాంకులోనే ఉండమన్న ఆదేశాన్ని పక్కన పెట్టి దిగి బాగుచేసింది. ఆ తర్వాత నాటకం అన్న మాట మళ్ళీ రాలేదు. సార్జెంటు హోదా ఇచ్చారు. అక్కచెల్లెలికి రాసిన ఉత్తరంలో మొదటి యుద్ధం చూశానని, ఒక్కోసారి కోపంతో ఊపిరి ఆడటం లేదని రాసింది. నవంబరులో వీతెబ్స్క్ వైపు నోవొయె సెలో అనే ఊరి దగ్గర రాత్రి దాడి. మళ్ళీ పట్టాకే దెబ్బ. లోపలి నుంచి మిగతావాళ్ళు కాల్పులతో కాపు కాస్తుంటే మళ్ళీ దిగి కలిపింది.

1944 జనవరి 17న మూడోసారి. వీతెబ్స్క్ దగ్గరే ష్వెదీ అనే ఊరు. పట్టా తెగింది, దిగింది, కలిపింది. ఈసారి దగ్గర్లో షెల్ పేలి ఒక ముక్క తలకి తగిలింది. స్పృహ పోయింది. ఆసుపత్రిలో రెండు నెలలు ఉంచారు. మార్చి 15న స్మొలెన్స్క్‌లో చనిపోయింది. మొదటి యుద్ధం నుంచి ఆఖరి యుద్ధం దాకా లెక్కపెడితే మూడు నెలలు కూడా నిండలేదు. ఆగస్టులో ‘సోవియట్ యూనియన్ వీర’ బిరుదు ప్రకటించారు.

మూడుసార్లు దిగడం గురించి చాలా ఆలోచించాను. ఆవిడకి బతకాలని లేదేమో, భర్త దగ్గరికి వెళ్ళిపోవాలనుకుందేమో అని తేలిగ్గా అనేయొచ్చు. మన దగ్గర కూడా భర్త పోయిన ఆడది ఏ సాహసం చేసినా, ‘ఇంక ఆవిడకేముంది’ అనే అంటారు. నాకు అలా తోచదు. చావాలనుకున్న మనిషి ఐదు నెలలు కూర్చుని ఇంజను విప్పడం, బిగించడం నేర్చుకోదు. ఆవిడ ట్యాంకు దిగిన మూడుసార్లూ పోట్లాడటానికి దిగలేదు. పాడైనదాన్ని బాగుచేయడానికి దిగింది. లోపల తనకంటే చాలా చిన్నవాళ్ళు ముగ్గురు ఉన్నారు. ట్యాంకు కదిలితేనే వాళ్ళు బతుకుతారు. పగ తీర్చుకుంటానని ఆవిడే రాసింది, నేను కాదనను. కాకపోతే యుద్ధరంగంలో ఆవిడ చేసిన పని చూస్తే, పగ ఎంత ఉందో ఇంటిని నిలబెట్టే అలవాటూ అంతే కనిపిస్తుంది.

మా చిన్నప్పుడు విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వచ్చేది. మాస్కోలో అచ్చైన తెలుగు పుస్తకాలు, నున్నటి కాగితం, అయిదు రూపాయలకి దొరికేవి. రష్యా అంటే మాకు మంచు, బామ్మలు, మాట్లాడే జంతువులు. యుద్ధ కథలూ ఉండేవి, అందులో వీరులంతా కుర్రాళ్ళే. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఇల్లాలు ట్యాంకు నడిపిన కథ అప్పుడు కంటపడి ఉంటే మా అమ్మ చదివే పుస్తకాల జాబితా వేరేగా ఉండేదేమో.

ఇది ఎనభై ఏళ్ళ కిందటి పరాయి దేశపు సంగతి. కానీ భర్త పోయాక సైన్యంలో చేరదామంటే ‘వయసైపోయింది’ అన్న మాట అడ్డం రావడం మన దేశంలోనూ ఉంది. మన సైన్యంలో 1992 నుంచి స్త్రీలని షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా ఆఫీసర్లుగా తీసుకుంటున్నారు. సర్వీసులో ఉండగా చనిపోయినవారి భార్యలకి కొన్ని సీట్లు కేటాయించి, వయసు పరిమితిని ముప్ఫై అయిదు దాకా పెంచారు. రాత పరీక్ష ఉండదు, మిగతాదంతా అందరితో పాటే. ఇంటర్వ్యూ బోర్డు, వైద్య పరీక్షలు, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో ఇరవై రెండేళ్ళ పిల్లలతో సమానంగా పరుగు.

కుప్వారాలో 2015 నవంబరులో కల్నల్ సంతోష్ మహాడిక్ చనిపోయినప్పుడు ఆయన భార్య స్వాతికి ఆ ముప్ఫై అయిదు కూడా దాటిపోయింది. ఇద్దరు పిల్లలు. రక్షణ శాఖ ప్రత్యేకంగా వయసు సడలించింది. 2017 సెప్టెంబరులో ఆవిడ లెఫ్టినెంటు అయింది. అదే రోజు అదే మైదానంలో నిధి దూబే కూడా లెఫ్టినెంటు అయింది. ఆవిడ భర్త ఆఫీసరు కాదు, నాయక్. 2009లో గుండెపోటుతో పోయాడు, అప్పటికి ఆవిడ కడుపుతో ఉంది. మరియాకి లేని కష్టం వీళ్ళకి ఉంది. పిల్లల్ని ఎవరి దగ్గరైనా ఉంచి, పదకొండు నెలల పైన శిక్షణకి వెళ్ళాలి.

మనకి దగ్గర సంగతి గల్వాన్. 2020 జూన్ 15 రాత్రి సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ప్రాణం పోయింది. ఆయన 16 బిహార్ దళానికి అధిపతి. అదే దళంతో ఉన్న నాయక్ దీపక్ సింగ్ అనే నర్సింగ్ అసిస్టెంటు, గాయపడ్డవాళ్ళకి చికిత్స చేస్తూ చేస్తూ ఆ రాత్రే చనిపోయాడు. సంతోష్ బాబు భార్య సంతోషికి తెలంగాణ ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. దీపక్ సింగ్ భార్య రేఖ టీచరుగా పనిచేసింది. ఆవిడ సైన్యానికి ప్రయత్నించి, మొదటిసారి ఎంపిక కాక, రెండోసారి నెగ్గి, 2023 ఏప్రిల్‌లో చెన్నై నుంచి లెఫ్టినెంటుగా బయటికొచ్చింది. మొదటి పోస్టింగు తూర్పు లదాఖ్‌లో. ఒకే రాత్రి భర్తల్ని పోగొట్టుకున్న ఇద్దరు, రెండు దారులు. వీళ్ళలో ఎవరిది గొప్ప అని ఎవరైనా చర్చ పెడితే నేను ఆ గదిలోంచి లేచి వచ్చేస్తాను.

మరియాని స్మొలెన్స్క్‌లో పాత కోట గోడ పక్కన, యుద్ధవీరుల తోటలో ఖననం చేశారు. తోమ్స్క్‌లో 24వ నంబరు బడికి ఆవిడ పేరు పెట్టారు. ‘యుద్ధ సహచరి’ ట్యాంకు తర్వాతి పోరాటాల్లో ధ్వంసమైంది. దానిలోని కుర్రాళ్ళకి ఇంకో ట్యాంకు ఇచ్చారు. వాళ్ళు దాని మీద కూడా అదే పేరు రాసుకున్నారు.